ఏసుదాస్ కాలంలో జయచంద్రన్

2000 అక్టోబరులో వచ్చిన ‘నువ్వే కావాలి’లో ‘అనగనగా ఆకాశం ఉంది’ పాటను ఇష్టంగా విన్నవాళ్లలో చాలామంది ఆ మగ గొంతు ఎవరిదో ఆరా తీసి ఉండరు. చిత్రతో కలిసి ఆ పాట పాడినది పి. జయచంద్రన్. తెర మీద కాలేజీ కుర్రాడిగా తరుణ్ కనిపిస్తాడు. పాడిన గాయకుడికి అప్పటికి 56 ఏళ్లు. ఆ సినిమాకు మాతృక 1999 నాటి మలయాళ చిత్రం ‘నిరం’. అందులోనూ కుర్ర ప్రేమికుల పాటకు గొంతునిచ్చింది ఆయనే. ‘ప్రాయం నమ్మిల్’ అనే ఆ పాటకు కేరళ ప్రభుత్వం ఆ ఏటి ఉత్తమ గాయకుడి అవార్డు ఇచ్చింది.

మలయాళ సినిమా పాటను ఏసుదాస్ పేరుతో మొదలుపెట్టి ఏసుదాస్ పేరుతో ముగించడం కేరళ బయట చాలామందికి అలవాటు. ఆయన స్థాయి, పాటల సంఖ్య చూస్తే ఆ అలవాటును తప్పుపట్టలేం. కానీ అదే కాలంలో, అదే సంగీత దర్శకుల దగ్గర, దాదాపు అరవై ఏళ్ల పాటు మరో గాయకుడు నిలిచాడు. ఆయన నిలవడానికి కారణాలు వెతికితే మలయాళ నేపథ్యగానం ఎలా నడిచిందో, గాయకుల రాత ఎవరి చేతిలో ఉండేదో కూడా తెలుస్తుంది.

జయచంద్రన్ 1944 మార్చి 3న ఎర్నాకుళంలో పుట్టారు. తండ్రి రవివర్మ కొచ్చనియన్ తంపురాన్ తృప్పూణిత్తుర రాజవంశీకుడు. తల్లి సుభద్ర కుంజమ్మది చేందమంగళంలోని పాలియం కుటుంబం. పెరిగింది త్రిశూర్ జిల్లాలోని ఇరింజాలక్కుడలో. భరతుడికి గుడి ఉన్న ఊరది. అక్కడి కూడల్‌మాణిక్యం ఆలయం, దాని కూత్తంబలం (ఆలయ నాట్యశాల), చుట్టూ కథకళి, చెండ మేళాలు, ఇవన్నీ ఆ ఊరి పిల్లల చెవిన నిత్యం పడే సంగతులు. జయచంద్రన్ చిన్నప్పుడు పద్ధతిగా నేర్చుకున్నది మృదంగం. గాత్రంలో ఆయనకు సంప్రదాయబద్ధమైన శిక్షణ లేదు. ఆయన వృత్తి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండు విషయాలూ ముఖ్యమే. ఆయన బలమూ, ఒక దశలో ఆయనకు దారులు మూసుకుపోవడమూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

1958లో జరిగిన కేరళ రాష్ట్ర పాఠశాలల యువజనోత్సవం నాటి ఒక ఫొటో ఆ రాష్ట్రంలో చాలా ప్రసిద్ధం. ఏసుదాస్ పాడుతుంటే పక్కన పద్నాలుగేళ్ల జయచంద్రన్ మృదంగం వాయిస్తుంటారు. ఆ ఏడాది శాస్త్రీయ గాత్రంలో ఏసుదాస్‌కు, మృదంగంలో జయచంద్రన్‌కు బహుమతులు వచ్చాయి. తరువాతి చరిత్రకు ఆ ఫొటోను ముందస్తు సూచనగా చూపించడం పత్రికలకు ఇష్టం. నిజానికి అందులో అంతకంటే పనికొచ్చే విషయం ఉంది. ఒకరిది రాగజ్ఞానంతో మొదలైన సంగీతం, మరొకరిది లయతో మొదలైన సంగీతం. జయచంద్రన్ పాటల్లో తాళం ఎక్కడా బరువుగా వినిపించదు. ఒక పదాన్ని కాస్త ఆలస్యంగా అందుకుని, తరువాతి పదంతో ఆ లోటు పూడ్చేస్తారు. వినేవాడికి ఆయన మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ లెక్క తప్పదు. మృదంగం నేర్చిన చేయి గొంతులోకి తెచ్చిన భరోసా అది.

ఇరింజాలక్కుడ క్రైస్ట్ కాలేజీలో జంతుశాస్త్రంలో పట్టా తీసుకుని, మద్రాసులో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చూసుకున్నారు. దక్షిణాది నాలుగు భాషల సినిమా పాటలూ అప్పట్లో మద్రాసులోనే తయారయ్యేవి. అక్కడి ఒక కచేరీలో ఆయన పాట విన్న నిర్మాత శోభనా పరమేశ్వరన్ నాయర్, దర్శకుడు ఎ. విన్సెంట్ సినిమాలోకి రమ్మన్నారు. ‘కుంజాలి మరక్కార్’ కోసం పి. భాస్కరన్ రాసిన పాటను చిదంబరనాథ్ సంగీతంలో పాడించారు. అయితే అంతకంటే ముందు జనం చెవిన పడింది 1966లో విడుదలైన ‘కళిత్తోళన్’.

ఆ సినిమాకు సంగీత దర్శకుడు జి. దేవరాజన్. శిక్షణలో ఆయన చాలా కఠినుడు. ఆయన ముందు నిలబడి పాడటమంటే పేరున్న గాయకులకే బెరుకు. జయచంద్రన్ గురించి మాట్లాడే మలయాళీలు తప్పకుండా చెప్పే ముచ్చట ఒకటుంది. దేవరాజన్ ఆ కుర్రాడికి రెండు పాటలు నేర్పారట. ఒకటి నీది అన్నారు. రెండోది ‘మంజలయిల్ ముంగి తోర్త్తి’. అది ఏసుదాస్ పాడతాడు, నువ్వు ఊరికే నేర్చుకో అన్నారు. తనది కాదనుకున్న పాట కాబట్టి కుర్రాడు బెదరకుండా నేర్చుకున్నాడు. తీరా రికార్డింగు దగ్గర ఆ పాట కూడా అతని చేతే పాడించారు. ధనుర్మాసపు వెన్నెల మంచు అలల్లో మునిగి, తుడుచుకుని వచ్చిందన్న ఊహతో భాస్కరన్ రాసిన పల్లవి అది. ఆ పల్లవిని ఇప్పుడు విన్నా కొత్త గాయకుడి ఆత్రం ఎక్కడా కనిపించదు. వాక్యం చివర గొంతును సాగదీసి మెప్పించాలన్న తాపత్రయం లేదు. దేవరాజన్‌కు కావలసింది అదేనేమో. గాయకుడికి భయం లేని పాట ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

ఆ రోజుల్లో గాయకుడి ఎంపికలో సంగీత దర్శకుడి మాటే చెల్లేది. బాణీ కడుతున్నప్పుడే ఈ పాట ఎవరిదో ఆయన మనసులో తేలిపోయేది. రిహార్సల్‌లో గాయకుడికి స్వయంగా నేర్పేవారు. వాద్యబృందం మొత్తం ఒకేచోట కూర్చుని వాయిస్తుంటే గాయకుడు మొదటి నుంచి చివరి వరకు పాడాలి. ఎక్కడ ఎవరు తప్పినా మళ్లీ మొదలు. అంచేత ఒకటి రెండు సార్లకే సరిగ్గా పాడేవాళ్ల మీద, తమ పద్ధతికి అలవాటుపడ్డవాళ్ల మీద సంగీత దర్శకులు ఆధారపడేవారు. దేవరాజన్–ఏసుదాస్ జోడీ అలా గట్టిపడింది. పైగా ప్రేమ్ నజీర్ లాంటి హీరోకు ఒక గొంతు అతికిపోయాక నిర్మాత ఇంకొకరి వైపు చూడడు. మన దగ్గర ఘంటసాల కాలంలోనూ, ఆ తరువాత బాలసుబ్రహ్మణ్యం కాలంలోనూ జరిగింది ఇదే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 1950ల్లో, 60ల మొదట్లో మలయాళంలో మగ గొంతులు కొన్ని బయటి నుంచి వచ్చినవే. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎ.ఎం. రాజా, కాకినాడ నుంచి వెళ్లిన పి.బి. శ్రీనివాస్ అక్కడ మంచి పాటలు పాడారు. కముకర పురుషోత్తమన్, ఉదయభాను లాంటి మలయాళీలూ ఉన్నారు. ఏసుదాస్, జయచంద్రన్ కుదురుకున్నాక మగ గొంతు కోసం మలయాళ సినిమా బయటికి చూడటం బాగా తగ్గిపోయింది. ఆడ గొంతుల విషయంలో మాత్రం పి. సుశీల, ఎస్. జానకి ఏలుబడి సాగుతూనే ఉంది. విజయనగరం నుంచి వెళ్లిన సుశీల అంటే జయచంద్రన్‌కు ఆరాధన. తన అభిమాన గాయకులెవరని అడిగితే సుశీల, మహమ్మద్ రఫీ పేర్లు చెప్పడానికి ఆయన ఎప్పుడూ వెనుకాడలేదు. ‘వాళ్‌వే మాయం’ (1970)లో దేవరాజన్ సంగీతంలో సుశీలతో కలిసి పాడిన ‘సీతాదేవి స్వయంవరం’ వింటే ఆ ఆరాధన పాటకు ఎంత మేలు చేసిందో తెలుస్తుంది. పక్కనున్న గొంతును దాటిపోవాలని ఆయన ఒక్క చోట కూడా ప్రయత్నించరు.

ఏసుదాస్‌కు పోగా మిగిలినవి పాడాడు అని జయచంద్రన్ తొలి దశాబ్దాన్ని తేల్చేయడం తేలిక. పాటల జాబితా చూస్తే ఆ మాట నిలవదు. కోళికోడ్ నుంచి వచ్చిన ఎం.ఎస్. బాబురాజ్ బాణీల్లో హిందుస్తానీ పరిమళం ఉంటుంది. 1967లో ‘ఉద్యోగస్థ’ సినిమాకు యూసఫలి కేచ్చేరి రాసిన ‘అనురాగగానం పోలె’ పాటను ఆయన జయచంద్రన్‌కు ఇచ్చారు. నింపాదిగా నడిచే పాట. దాన్ని గొప్ప శారీరంతో (గాత్రబలంతో) పాడితే అందులోని ఏకాంతం చెదిరిపోతుంది. జయచంద్రన్ దాన్ని గొంతు పెంచకుండా, ఒక మనిషికి మాత్రమే వినిపించేలా పాడారు. అరవై ఏళ్లు దగ్గరపడుతున్నా కేరళ వేదికల మీద ఆ పాట అడగని శ్రోతలు అరుదు. ‘ముత్తశ్శి’ (1971)లో దక్షిణామూర్తి స్వరపరచిన ‘హర్షబాష్పం తూకి’, అదే ఏడాది ‘సీఐడీ నజీర్’లో ఎం.కె. అర్జునన్ చేసిన ‘నిన్ మణియరయిలె’, అంతకు ముందు కె. రాఘవన్ ‘కళ్లిచ్చెల్లమ్మ’ కోసం పాడించిన ‘కరిముకిల్ కాట్టిలె’ ఇలా ఒక్కొక్క సంగీత దర్శకుడూ ఆయన కోసం ప్రత్యేకించి ఒక రకం పాట అట్టిపెట్టినట్టు కనిపిస్తుంది. అవి సన్నిహితమైనవి, మాట ప్రధానమైనవి. రచయిత పదాలు శ్రోతకు చెక్కుచెదరకుండా చేరాలనుకున్నప్పుడు వాళ్లు ఆయన వైపు చూశారు. మలయాళీలు ఆయనను ‘భావగాయకన్’ అని పిలుచుకున్నది ఈ పాటల వల్లే.

1972 సంవత్సరానికి తొలి రాష్ట్ర అవార్డు వచ్చింది. ‘పణితీరాత్త వీడు’ కోసం వయలార్ రామవర్మ రాయగా ఎం.ఎస్. విశ్వనాథన్ స్వరపరచిన ‘సుప్రభాతం’ పాట అది. నీలగిరి కొండలను పలకరించే ఆ పాటలో గొంతు విచ్చుకుని పైకి లేస్తుంది. జయచంద్రన్‌ది మెల్లగా మాట్లాడే గొంతు మాత్రమే అనుకునేవాళ్లకు అదే సరైన జవాబు. 1978లో ఎం.బి. శ్రీనివాసన్ సంగీతంలో, ఓఎన్‌వీ కురుప్ సాహిత్యంతో ‘బంధనం’లోని ‘రాగం శ్రీరాగం’ రెండోసారి అవార్డు తెచ్చింది.

ఇక్కడిదాకా వచ్చినవాడికి 1980లు సుఖంగా గడవాలి. అలా జరగలేదు. అవకాశాలు పలచబడ్డాయి. దీనికి గాయకుడి లోపం కంటే చుట్టూ జరిగిన మార్పులే ఎక్కువ కారణం. 1980లో తిరువనంతపురంలో ప్రభుత్వ చిత్రాంజలి స్టూడియో వచ్చింది. ఏసుదాస్ అదే నగరంలో తరంగిణి స్టూడియో పెట్టారు. మలయాళ పాట మెల్లగా మద్రాసును వదిలి సొంత గడ్డకు చేరడం మొదలైంది. దేవరాజన్ తరం పక్కకు తప్పుకుంటుంటే రవీంద్రన్, జాన్సన్, ఎం.జి. రాధాకృష్ణన్ ముందుకొచ్చారు. రవీంద్రన్ బాణీల్లో శాస్త్రీయ సంగీతం పాలు ఎక్కువ. తారస్థాయి సంగతులు, కల్పనస్వరాల లాంటి నడకలు, పట్టుగా సాగే ఆలాపనలు. ‘హిస్ హైనెస్ అబ్దుల్లా’ (1990), ‘భరతం’ (1991) లాంటి సినిమాల్లో కథే సంగీత విద్వాంసుల చుట్టూ తిరిగింది. మొదటి సినిమా ఎం.జి. శ్రీకుమార్‌కు, రెండోది ఏసుదాస్‌కు జాతీయ అవార్డులు తెచ్చాయి. గురువు దగ్గర కూర్చుని సాధన చేసిన గొంతుకే చోటున్న ఆ ధోరణిలో సంప్రదాయ శిక్షణ లేని జయచంద్రన్‌కు మిగిలింది తక్కువ. జి. వేణుగోపాల్, ఉణ్ణి మీనన్ లాంటి కొత్తవాళ్లు కూడా అప్పుడే వస్తున్నారు.

ఇంత కరువులోనే ఆయనకు జాతీయ అవార్డు రావడం విశేషం. 1985 నాటి ‘శ్రీ నారాయణ గురు’ సినిమాలో, కేరళ సంఘ సంస్కర్త అయిన నారాయణ గురు స్వయంగా రచించిన ‘శివశంకర శర్వశరణ్య విభో’ స్తోత్రాన్ని దేవరాజనే స్వరపరచి జయచంద్రన్ చేత పాడించారు. తొలి పాటలో ధైర్యం నింపిన దేవరాజనే ఇరవై ఏళ్ల తరువాత శిష్యుడికి దేశం గుర్తించే పాట ఇచ్చారు. అందులో పాండిత్య ప్రదర్శన లేదు. స్తోత్రంలోని సంస్కృత పదాలు శుద్ధంగా, ప్రార్థన చేసే మనిషి వినయంతో వినిపిస్తాయి. శాస్త్రీయం రాని గాయకుడన్న మాటకు ఆ అవార్డు గట్టి సమాధానమే. అయినా సినీ నిర్మాతల లెక్కలు అవార్డులతో మారవు.

తమిళం ఆయనను ఆదుకుంది. 1976లోనే ‘మూండ్రు ముడిచ్చు’లో విశ్వనాథన్ సంగీతంలో వాణీ జయరామ్‌తో ‘వసంత కాల నదిగళిలే’ పాడారు. 1984లో ‘వైదేహి కాత్తిరుందాళ్’ కోసం ఇళయరాజా ఇచ్చిన ‘రాసాత్తి ఉన్న’ పాట తమిళనాట ఊరూరా మోగింది. 1993లో ‘కిళక్కు చీమైయిలే’లో ఎ.ఆర్. రెహమాన్ బాణీకి ఎస్. జానకితో పాడిన ‘కత్తాళం కాట్టు వళి’ ఆ రాష్ట్ర ప్రభుత్వ అవార్డు తెచ్చింది. గమనిస్తే చివరి రెండూ మట్టివాసన గల పాటలు. తమిళులకు ఆయన పల్లెటూరి మనిషి గుండె గొంతు. మలయాళీలకు మధ్యతరగతి ప్రేమికుడి ఏకాంతం. ఒకే గొంతును రెండు భాషలు రెండు రకాలుగా వాడుకున్నాయి.

మలయాళంలో ఆయన రెండో అంకానికి తెర తీసిన సంగీత దర్శకులు ఇద్దరూ తెలుగువాళ్లు కావడం మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి. 1996లో భరతన్ తీసిన ‘దేవరాగం’కు సంగీతం ఎం.ఎం. కీరవాణి. అందులో చిత్రతో కలిసి జయచంద్రన్ పాడిన ‘శిశిరకాల మేఘమిథున’ పాట బాణీ రీత్యా సుళువైనది కాదు. పదాలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఒదిగి నడవాలి. లయజ్ఞానం ఉన్న గాయకుడికి అది పండుగ. మూడేళ్ల తరువాత ‘నిరం’తో విద్యాసాగర్ ఆయనను మళ్లీ ప్రతి ఇంటికీ చేర్చారు. ఆపైన ‘చంద్రోత్సవం’ (2005)లో ‘ఆరారుం కాణాదె’, ‘ఎన్నుం ఎప్పోళుం’ (2015)లో ‘మలర్‌వాక కొంబత్త్’ పాటలూ విద్యాసాగర్ ఇచ్చినవే.

బయటి నుంచి వచ్చినవాళ్లకే ఈ ఆలోచన రావడం కాకతాళీయం అనిపించదు. కేరళలో పనిచేసే సంగీత దర్శకుడి చుట్టూ ఏ పాట ఎవరికి ఇవ్వాలన్న అలవాటు ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉంటుంది. ఫలానా హీరోకు ఫలానా గొంతు, ఫలానా సినిమా అమ్ముడుపోవాలంటే ఫలానా పేరు. కీరవాణి, విద్యాసాగర్ ఆ వరుసక్రమం పట్టించుకోనక్కరలేదు. వాళ్లు చెవితో ఎంచుకున్నారు. బాణీ తమది, సాహిత్యం తమది కాని భాషలోది. పదాన్ని చక్కగా పలికి అర్థాన్ని మోసే గాయకుడు అలాంటి సంగీత దర్శకుడికి పెద్ద అండ. జయచంద్రన్ దగ్గర అది పుష్కలంగా ఉంది. ఒకసారి దారి పడ్డాక స్థానిక సంగీత దర్శకులూ వచ్చారు. ఒకప్పుడు ఎవరి శైలి వల్ల వెనకబడ్డారో ఆ రవీంద్రనే ‘నందనం’ (2002)లో ఆయనతో సుజాతకు జతగా ‘ఆరుం ఆరుం కాణాదె’ పాడించారు. ఆ రోజుల్లో కొత్త సినిమా వచ్చిందంటే జయచంద్రన్ పాట ఒకటి ఉందా అని జనం వెతుక్కునే స్థితి మళ్లీ వచ్చింది.

ఈ మలి అంకంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది వయసు. 2014 జనవరి ఆఖరున విడుదలైన ‘1983’ సినిమాలో నివిన్ పౌలీ కోసం, గోపీసుందర్ సంగీతంలో ‘ఓలంజాలి కురువి’ పాడినప్పుడు జయచంద్రన్‌కు డెబ్బై నిండబోతున్నాయి. జతగా పాడిన వాణీ జయరామ్‌కు 68. తొలిప్రేమ పాట అది. ఇద్దరు వృద్ధ గాయకుల మీద గౌరవంతో విన్న పాట కాదు. కుర్రకారు ఫోన్లలో మోగించుకున్న పాట. ఈ ఇద్దరే పాడిన 1976 నాటి తమిళ యుగళగీతంతో పోల్చి వింటే, దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయని నమ్మడం కష్టం.

గొంతు అంతకాలం నిలవడానికి దైవదత్తం అనేసి ఊరుకోవచ్చు. కానీ పాడిన పద్ధతిలోనే కొంత కారణం దొరుకుతుంది. జయచంద్రన్ పాటలు ఎక్కువగా మధ్యమ స్థాయిలో తిరుగుతాయి. శారీరం మీద బరువు వేసి గెలవాల్సిన పాటలు ఆయనకు తక్కువ వచ్చాయి. దశాబ్దాల పాటు రోజుకు నాలుగైదు రికార్డింగులతో గొంతు అరిగిపోయే ఒత్తిడి కూడా మొదటి వరుస గాయకుడికి ఉన్నంతగా ఆయనకు లేదు. అవకాశాలు తగ్గిన కాలం మనసుకు బాధే కలిగించి ఉండవచ్చు గానీ, గొంతుకు అది విశ్రాంతి. 2000ల తరువాత రికార్డింగు తీరు కూడా ఆయనకు కలిసొచ్చింది. వాద్యాలు ఒకచోట, గొంతు మరోచోట విడివిడిగా రికార్డు చేసే పద్ధతిలో, మైకుకు దగ్గరగా నిలబడి మెల్లగా పాడే గొంతులోని చిన్న వణుకు, ఊపిరి కూడా శ్రోతకు చేరతాయి. పైస్థాయిలో ఎలుగెత్తే గొంతులకు ఈ మార్పు ఇచ్చినదానికంటే ఆయనకు ఎక్కువ ఇచ్చింది.

2015 సంవత్సరానికి ఐదోసారి రాష్ట్ర అవార్డు వచ్చింది. అందులో పరిగణించిన పాటల్లో ‘ఎన్ను నింటె మొయిదీన్’లోని ‘శారదాంబరం’ ఒకటి. చంగంపుళ కవితకు రమేశ్ నారాయణ్ స్వరం. మొదటి అవార్డుకూ దీనికీ మధ్య 43 ఏళ్లు. మలయాళ సినిమా అత్యున్నత పురస్కారమైన జె.సి. డేనియల్ అవార్డును 2020 సంవత్సరానికి ఆయనకు ఇచ్చారు. ఈలోగా ‘నఖక్షతంగళ్’ (1986), ‘త్రివేండ్రం లాడ్జ్’ (2012) సినిమాల్లో చిన్న పాత్రల్లో నటించారు కూడా. ఆయన 2025 జనవరి 9న త్రిశూర్‌లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరునాడే ఏసుదాస్ 85వ పుట్టినరోజు.

ఆ వారమంతా కేరళలో టీవీ పెడితే జయచంద్రన్ పాటలే. అవి వరుసగా విన్నవాళ్లకు ఒక విషయం స్పష్టంగా పట్టుబడి ఉంటుంది. ఏసుదాస్‌ను అనుకరించే గాయకులు ప్రతి జిల్లాలోనూ దొరుకుతారు. ఆ గంభీరమైన నాదంలో, దీర్ఘమైన గమకాల్లో పట్టుకోవడానికి ఆనవాళ్లు చాలా ఉన్నాయి. జయచంద్రన్‌ను అనుకరించబోయినవాళ్లకు అలాంటి ఆసరా ఏదీ దొరకదు. మలయాళ పదాన్ని ఇంట్లో పలికినట్టే పలకాలి, తాళానికి ఒక వెంట్రుకవాసి వెనకగా నడవాలి, ఆపైన తాను పాడుతున్నానన్న సంగతే మరుగున పడేయాలి. పోటీల వేదికల మీద ‘అనురాగగానం పోలె’ ఎత్తుకున్న పిల్లలు సాధారణంగా తడబడేది పైస్థాయి దగ్గర కాదు, పల్లవిలోని మొదటి రెండు మాటల దగ్గరే.